ముద్రిత ధర, తగ్గింపు ధర: కామారెడ్డి, ఎల్లారెడ్డి నేపథ్యంలో మందుల వెలల చరిత్ర

వ్యాససంగ్రహం

గోలీల షీటు మీద అచ్చయిన గరిష్ఠ చిల్లర ధరలో ఇంత శాతం తగ్గిస్తామన్న ప్రకటనలు నేడు దుకాణాల బోర్డుల మీద, సెల్‌ఫోన్లలో విస్తారంగా కనిపిస్తున్నాయి. ఈ తగ్గింపుకు ఆధారమైన ముద్రిత ధర ఎలా పుట్టింది, దానిని నిర్ణయించే అధికారం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారింది, మందుల చీటీలో రాసే పేరుకు ఆ ధరతో ఉన్న సంబంధం ఏమిటి అన్న అంశాలను ఈ వ్యాసం కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాల నేపథ్యంలో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మందుల ధరలు, గరిష్ఠ చిల్లర ధర, జనరిక్ మందులు, జన ఔషధి, ఆన్‌లైన్ ఫార్మసీ, కామారెడ్డి, ఎల్లారెడ్డి.

1. ఉపోద్ఘాతం

తెలంగాణ పల్లెల వ్యవహారంలో ఆసుపత్రి దవాఖాన, మాత్ర గోలీ, వైద్యుడు రాసిచ్చే కాగితం మందుల చీటీ. దవాఖాన, గోలీ వంటి మాటలు ఉర్దూ అధికారభాషగా ఉన్న కాలం నుంచి జనం నోట నిలిచినవి. ఇటీవలి కాలంలో ఈ పదజాలంలోకి ‘డిస్కౌంట్’ అన్న మాట వచ్చి చేరింది. మందుల దుకాణం గల్లా దగ్గర ‘ఎంతయింది?’ అన్న ప్రశ్న వెంటే ‘డిస్కౌంట్ ఎంత?’ అన్న ప్రశ్న వినబడుతుంది. దుకాణం ముందు వేలాడే తగ్గింపు బోర్డు, ఫోన్ తెర మీద మెరిసే కూపన్ కోడు ఈ రెండో ప్రశ్నకు వచ్చిన జవాబులు.

తగ్గింపు అన్న మాటకు అర్థం ఉండాలంటే అంతకుముందే ఒక ధర ఉండాలి. బట్టల బేరంలో కొనేవాడికి ఆ మొదటి ధర మీద అనుమానం ఉంటుంది. రెట్టింపు చెప్పి సగానికి ఇచ్చారేమోనని అనుకుంటాడు. మందుల విషయంలో ఆ అనుమానం అంత సులభంగా కలగదు. ధర అచ్చులో ఉంటుంది, అచ్చయిన అంకెకు ప్రభుత్వ ముద్ర ఉన్నట్లు తోస్తుంది. ఆ అంకె చరిత్ర తెలియకుండా తగ్గింపు చరిత్ర బోధపడదు.

2. రెండు ఊళ్ళు

కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండూ నిజాం కాలంలో నిజామాబాదు జిల్లాలోని తాలూకా కేంద్రాలు. కామారెడ్డికి సికింద్రాబాదు–మన్మాడు రైలుమార్గం ఉంది. ఒకప్పుడు 7వ నంబరుగా, ఇప్పుడు 44వ నంబరుగా పిలిచే జాతీయ రహదారి ఉంది. బెల్లం వ్యాపారంతో ఆ ఊరికి పేరు. ఎల్లారెడ్డి అక్కడి నుంచి సుమారు 40 కిలోమీటర్లు. మంజీర మీద 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ జలాశయానికి దగ్గరి ఊరు, రైలు లేని ఊరు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు కామారెడ్డి, బాన్సువాడ, ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజన్లు అయ్యాయి. 2023 సెప్టెంబరులో కామారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది.

ఈ ప్రాంతంలో వ్యవసాయదారులతో పాటు బీడీలు చుట్టే మహిళలు, గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళిన కుటుంబాలు ఎక్కువ. షుగరు, బీపీ, ఉబ్బసం వంటి దీర్ఘవ్యాధులు వచ్చిన ఇంట్లో గోలీల ఖర్చు కిరాణా ఖర్చులాగా నెలనెలా వచ్చేది. ఆరోగ్యశ్రీ పథకం 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై పెద్ద జబ్బుల శస్త్రచికిత్సల భారాన్ని తగ్గించింది. కొన్ని చికిత్సల తరువాత ఏడాది పాటు మందులు కూడా ఇచ్చింది. కాని బయటి రోగిగా చూపించుకుని చీటీతో దుకాణానికి వెళ్ళే మనిషి ఖర్చు చాలావరకు ఆ పథకం పరిధిలోకి రాలేదు. ప్రభుత్వ దవాఖానలో మందు ఉన్నంత వరకు ఉచితం. లేనినాడు చీటీ బయటి దుకాణానికి వెళ్తుంది.

గ్రామాలలో దుకాణం కన్నా ముందు ఆర్‌ఎంపీ డాక్టరు ఉంటాడు. ఆ మూడక్షరాల అసలు అర్థం రిజిస్టరయిన వైద్యుడని. వ్యవహారంలో మాత్రం రిజిస్ట్రేషన్ లేని గ్రామీణ వైద్యుడికే ఆ పేరు స్థిరపడింది. ఆయన సంచిలోంచి ఇచ్చే గోలీలకు చీటీ ఉండదు, షీటులోంచి కత్తిరించి ఇస్తే దాని మీద ధరా కనబడదు. ముద్రిత ధర చరిత్ర రాసేటప్పుడు అది అందని ఈ చోటును కూడా గుర్తుంచుకోవాలి.

3. ధర అచ్చుకెక్కిన క్రమం

కాంపౌండర్ల కాలంలో మందుకు ముద్రిత ధర లేదు. రోగి ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో మిక్స్చర్ పోసి, మోతాదులు తెలిసేలా గాట్లు కత్తిరించిన కాగితం పట్టీ సీసాకు అంటించేవారు. పేరు, ధర, తయారీదారు అన్నవి రోగికి తెలిసే అవకాశం లేదు. ఫ్యాక్టరీలో తయారై రేకులో చుట్టి వచ్చిన గోలీతో ఈ మూడూ అచ్చులోకి వచ్చాయి.

స్వాతంత్ర్యం వచ్చే నాటికి దేశంలో అమలులో ఉన్నది 1911 నాటి పేటెంటు చట్టం. మందు పదార్థం మీదనే గుత్తాధికారం ఇచ్చే ఆ చట్టం కింద ఎక్కువ మందులు విదేశీ కంపెనీల చేతిలో ఉండేవి. 1959లో జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ పేటెంటు చట్టాన్ని మార్చాలని నివేదిక ఇచ్చారు. అమెరికా సెనేట్‌లో ఎస్టెస్ కెఫావర్ అధ్యక్షతన మందుల ధరలను విచారించిన ఉపసంఘం, ప్రపంచంలో మందుల ధరలు అత్యధికంగా ఉన్న దేశాలలో భారతదేశం ఒకటని 1961లో పేర్కొన్నది. పేద దేశంలో మందు ఖరీదైనదని సంపన్న దేశపు చట్టసభ చెప్పవలసి వచ్చింది.

1962 చైనా యుద్ధం తెచ్చిన అత్యవసర పరిస్థితిలో మందుల ధరల ప్రదర్శన ఉత్తర్వు, 1963లో ధరల నియంత్రణ ఉత్తర్వు వచ్చాయి. 1963 ఏప్రిల్ 1 నాటి ధరలను అక్కడికక్కడే నిలిపివేశారు. ధరను కొనుగోలుదారుకు చూపించాలన్న నియమం ఆ విధంగా దేశ రక్షణ చట్టం నీడలో పుట్టింది. 1970లో నిత్యావసర సరుకుల చట్టం కింద మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు వెలువడింది. అదే ఏడాది చేసిన కొత్త పేటెంటు చట్టం 1972 ఏప్రిల్ 20న అమలులోకి వచ్చి, మందు పదార్థం మీద పేటెంటు తీసివేసి, తయారుచేసే పద్ధతికి మాత్రమే పరిమిత కాలపు పేటెంటు ఉంచింది.

తరువాతి ఉత్తర్వుల పట్టికలే ఒక కథ చెబుతాయి. 1979 ఉత్తర్వు 347 ముడి మందులను నియంత్రణ కిందికి తెచ్చింది. 1987లో అవి 142 అయ్యాయి. 1995 నాటికి 74. ఆర్థిక సరళీకరణకు ముందే ఈ కుదింపు మొదలైందన్నది గమనార్హం. 1997 ఆగస్టులో జాతీయ మందుల ధరల సంస్థ ఏర్పడింది కాని, అప్పటికి అది కాపలా కాయవలసిన ఆవరణ చిన్నదై ఉంది.

2013 ఉత్తర్వు మరో మలుపు. అంతవరకు నియంత్రిత మందు ధరకు ఆధారం తయారీ ఖర్చు. దాని మీద ఇంత శాతం అని కలిపేవారు. 2013 నుంచి ఆధారం బజారు సగటు. అత్యవసర మందుల జాతీయ జాబితాలోని మందుకు, ఒక శాతమైనా మార్కెట్ వాటా ఉన్న బ్రాండ్లన్నిటి ధరలూ తీసుకుని సగటు కట్టి, చిల్లర వ్యాపారికి 16 శాతం కలిపి పైపరిమితి నిర్ణయిస్తారు. పరిధి విస్తరించింది, 2011 జాబితాలో 348 మందులు, 2022 జాబితాలో 384 మందులు ఉన్నాయి. కాని ఖరీదైన బ్రాండ్లు బజారును ఏలుతున్నచోట సగటు కూడా ఖరీదైనదే అవుతుంది. ఏటా టోకు ధరల సూచీని బట్టి ఈ పరిమితి కదులుతుంది. 2023 ఏప్రిల్‌లో ఆ పెంపు 12.12 శాతం. జాబితాలో లేని మందుకు ధర కంపెనీ ఇష్టం, ఏడాదికి 10 శాతానికి మించి పెంచరాదన్నదొక్కటే కట్టడి. మొదటి ధరకు కట్టడి లేనప్పుడు పెంపుకు పెట్టిన కట్టడి ఎంతవరకు రక్షిస్తుందన్నది ఆలోచించవలసిన విషయం.

4. బాలానగర్ నుంచి

కామారెడ్డి దుకాణంలోని గోలీ వెనుక హైదరాబాదు ఫ్యాక్టరీల కథ ఉంది. సోవియట్ సహకారంతో 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ సంస్థ సింథటిక్ మందుల కర్మాగారం బాలానగర్‌లో వెలిసింది. తరువాతి దశాబ్దాలలో ఆ సంస్థ నష్టాలలో కూరుకుపోయినా, అక్కడ పనిచేసి అనుభవం గడించిన రసాయన శాస్త్రజ్ఞులు హైదరాబాదు చుట్టూ సొంత కంపెనీలు పెట్టారు. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించడం అందరికీ తెలిసినదే. 1970 పేటెంటు చట్టం ఇచ్చిన వెసులుబాటు, ఐడీపీఎల్ ఇచ్చిన చేతిపని, ఈ రెండూ కలిసినందువల్లనే ముడి మందుల తయారీకి హైదరాబాదు కేంద్రమైంది.

ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాన్ని అనుసరించి 2005లో పదార్థ పేటెంటు తిరిగి వచ్చింది. అయినా చట్టంలో మిగిలిన ఒక తలుపును హైదరాబాదు కంపెనీయే తట్టింది. కాలేయం, మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడే సొరాఫెనిబ్ మందు నెలకు సుమారు 2,80,000 రూపాయలు ఉండగా, 2012 మార్చి 9న పేటెంటు కంట్రోలర్ నాట్కో ఫార్మాకు తప్పనిసరి లైసెన్సు మంజూరు చేశారు. నెలకు 8,880 రూపాయలకు మించి అమ్మరాదని షరతు. దేశంలో ఇటువంటి లైసెన్సు ఇదే మొదటిది. ఏ కూపనూ ఇవ్వలేని తగ్గింపు ఇది. 97 శాతానికి దగ్గర. ఇక్కడ కోసినది దుకాణదారు లాభాన్ని కాదు, ముద్రిత ధర మూలాన్ని.

5. చీటీలోని పేరు

ఒకే రసాయనానికి వందల పేర్లు. మందుల కంపెనీలు ఊరిలోనే ఉన్నా, ఈ పేర్ల మధ్య ధరల తేడా రోగికి తెలియదు. 1974లో నియమితమై 1975లో నివేదిక ఇచ్చిన జైసుఖ్‌లాల్ హాథీ సంఘం, బ్రాండ్ పేర్లను దశలవారీగా తొలగించి జనరిక్ పేర్లు వాడాలని సూచించింది. కొన్ని మందులతో మొదలుపెట్టిన ప్రయత్నం న్యాయస్థానంలో చిక్కుకుంది. వైద్యులు సాధ్యమైనంత వరకు జనరిక్ పేరు రాయాలని 2002 వైద్య మండలి నిబంధనలు చెప్పాయి. 2016లో స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో రాయాలని సవరించారు. 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ దీనిని తప్పనిసరి చేస్తూ నిబంధనలు ప్రకటించి, మూడు వారాలకే వాటి అమలును నిలిపివేసింది. నాణ్యత మీద నమ్మకం లేకుండా పేరు మార్చలేమన్నది వైద్యుల వాదన. ఆ వాదనను తేలికగా కొట్టివేయలేము. చిన్న కంపెనీల మందులలో నాసిరకం పట్టుబడిన సందర్భాలు ఉన్నాయి. తనిఖీ చేసే ప్రయోగశాలలు, ఇన్‌స్పెక్టర్లు తగినంత లేకుండా జనరిక్ రాయమనడం సగం పని.

చట్టం షీటు మీది అక్షరాల జోలికీ వెళ్ళింది. 2018 సవరణ ప్రకారం జనరిక్ పేరును బ్రాండ్ పేరు కన్నా రెండు ఫాంట్ల పెద్ద సైజులో అచ్చువేయాలి. అక్షరం పెరిగింది, లిపి మారలేదు. తెలుగు చదవగలిగిన ఎల్లారెడ్డి రోగికి అది ఇంగ్లీషులోనే ఉంది. భాషాశాస్త్రజ్ఞులు, తెలుగు శాఖలు పరిపాలనా పదకోశాల మీద చూపిన శ్రద్ధలో కొంత మందుల పేర్లను తెలుగు లిపిలోకి తేవడం మీద కూడా చూపి ఉండవలసింది.

పట్టణంలో క్లినిక్ పక్కనే ఉన్న దుకాణంలో ఆ వైద్యుడు రాసే బ్రాండ్లే దొరకడం అందరూ ఎరిగిన ఏర్పాటు. చీటీ వేరే దుకాణానికి తీసుకువెళ్తే ‘ఇది అక్కడే దొరుకుతుంది’ అంటారు. అటువంటి చీటీకి పక్క వీధిలోని తగ్గింపు బోర్డు పనికిరాదు.

6. జన ఔషధి

2008 నవంబరులో అమృత్‌సర్‌లో తొలి జన ఔషధి దుకాణం తెరుచుకున్నది. మొదటి ఏళ్ళలో పథకం నత్తనడక నడిచింది. 2015 తరువాత పేరు మారి, ప్రభుత్వ ఆసుపత్రుల ఆవరణ దాటి వ్యక్తులకు కూడా దుకాణాలు ఇచ్చిన మీదట విస్తరించింది. 2023 నవంబరులో పదివేలవ కేంద్రం, 2025 ఆరంభంలో పదిహేనువేలవ కేంద్రం ప్రారంభమయ్యాయి. పేరున్న మూడు బ్రాండ్ల సగటు ధరలో సగానికి మించకుండా ఇక్కడి ధర నిర్ణయిస్తారు. దుకాణదారుకు 20 శాతం కమీషన్.

ఇక్కడి ప్రత్యేకత ముద్రిత ధరే తక్కువగా ఉండటం. తగ్గింపు అడగవలసిన అవసరం లేదు, కూపన్ లేదు. రోగి అడగవలసింది మందు జనరిక్ పేరు. చీటీలో బ్రాండ్ పేరే ఉంటే కౌంటరు వెనుక ఉన్న ఫార్మసిస్టు దానికి సమానమైనది వెదకాలి. రోగి దానిని నమ్మాలి. రంగు మారిన గోలీని ‘ఇది అది కాదు’ అని వృద్ధులు పక్కన పెట్టడం వైద్య సిబ్బందికి కొత్త కాదు. ధర తగ్గినంత మాత్రాన మందు కడుపులోకి వెళ్ళదు.

7. తగ్గింపు, కూపన్

చిల్లర దుకాణాలలో తగ్గింపు చాలా కాలం నిషిద్ధ వస్తువు. ముద్రిత ధరకు తక్కువగా అమ్మరాదని వ్యాపార సంఘాలు పరస్పరం కట్టుబాటు పెట్టుకునేవి. కొత్త టోకు వ్యాపారి రావాలంటే సంఘం నిరభ్యంతర పత్రం కావాలి. గరిష్ఠ చిల్లర ధర అన్నది పైపరిమితి మాత్రమే; వ్యవహారంలో అది ఏకైక ధర అయి కూర్చుంది. ఇటువంటి కట్టుబాట్ల మీద వచ్చిన ఫిర్యాదులో కాంపిటీషన్ కమిషన్ 2013 ఫిబ్రవరిలో అఖిల భారత మందుల వ్యాపారుల సంఘానికి జరిమానా విధించింది. ఈలోగా 2006లో హైదరాబాదులో మొదలైన మెడ్‌ప్లస్ వంటి గొలుసు దుకాణాలు తగ్గింపును బాహాటంగా ప్రకటించి వ్యాపారం పెంచుకున్నాయి. ఆ పోటీ పెరిగే కొద్దీ తగ్గింపు బోర్డు చిన్న పట్టణాల దుకాణాలకూ పాకింది.

ఆన్‌లైన్ ఫార్మసీలు ఈ క్రమంలో తరువాతి మెట్టు. వాటికి వ్యతిరేకంగా దుకాణదారులు 2015 అక్టోబరు 14న, 2018 సెప్టెంబరు 28న దేశవ్యాప్తంగా బంద్ పాటించారు. 2018 ఆగస్టులో కేంద్రం ఈ-ఫార్మసీ నిబంధనల ముసాయిదా ప్రకటించింది. అదే డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేని ఆన్‌లైన్ అమ్మకాలను ఆపమన్నది. ముసాయిదాకు తుది రూపం రాకుండానే ఏళ్ళు గడిచాయి. 2020 మార్చి 26న, కోవిడ్ లాక్‌డౌన్ మొదలైన వారంలోనే, లైసెన్సు ఉన్న దుకాణాలు ఇంటి వద్దకు మందులు చేర్చవచ్చని ప్రభుత్వం అనుమతించింది. 1940 నాటి చట్టం, 1945 నాటి నిబంధనల మీద నడిచే వ్యాపారం అలా ఫోన్ తెర మీదికి చేరింది. అదే ఏడాది నెట్‌మెడ్స్‌లో రిలయన్స్, మరుసటి ఏడాది 1ఎంజీలో టాటా మెజారిటీ వాటా కొన్నాయి.

ఈ తగ్గింపు ఎక్కడి నుంచి వస్తుంది? నియంత్రిత మందులో చిల్లర వ్యాపారికి 16 శాతం, టోకు వ్యాపారికి 8 శాతం. జాబితాలో లేని మందులో ఆనవాయితీగా 20, 10. ఈ రెండూ కలిపి వదులుకున్నా కొన్ని కూపన్ల లెక్క తేలదు. మిగిలినది పెట్టుబడిదారు సొమ్ము, లేదా సొంత బ్రాండు మీద లాభం. పెట్టుబడి ఉన్నంత కాలం నిలిచే తగ్గింపు పెట్టుబడి తగ్గిననాడు ‘కనీసం ఇంత కొంటేనే’ అన్న షరతుగా, డెలివరీ ఛార్జీగా మారుతుంది.

అమెరికాలో కూపన్ కథ వేరు. అక్కడ షీటు మీద ముద్రిత ధర ఉండదు. ఒకే మందు ధర దుకాణానికీ దుకాణానికీ, బీమాకూ బీమాకూ మారుతుంది. 2011లో మొదలైన గుడ్‌ఆర్‌ఎక్స్ ఆ ధరలను పోల్చి చూపి కూపన్ ఇస్తుంది. బీమా లేకుండా పిల్లల దగ్గరికి వెళ్ళిన తెలుగు తల్లిదండ్రులకు అది ప్రాణావసరం కావచ్చు. మన కూపన్‌కు ఆ పేరే వచ్చింది గాని పని వేరు. ఇది బహిరంగంగా అచ్చయిన అంకెలోంచి తీసివేత.

లెక్క కోసం ఒక షీటు అనుకుందాం. ఒక బ్రాండు ముద్రిత ధర 100 రూపాయలు, కూపన్‌తో 20 శాతం తగ్గి 80. అదే రసాయనం, అదే మోతాదు మరో బ్రాండులో ముద్రిత ధర 30, తగ్గింపు లేదు. కూపన్ వాడిన మనిషికి 20 రూపాయలు మిగిలిన సంతోషం ఉంటుంది, 50 రూపాయలు పోయిన సంగతి తెలియదు. దీనికి విరుద్ధమైన వింత కూడా ఉంది. బ్రాండు ప్రచారం లేకుండా వ్యాపారులకే నేరుగా అమ్మే జనరిక్ మందులలో కొన్నిటికి కొన్న ధరకు ఎన్నో రెట్లు ముద్రిత ధరగా వేస్తారు. అటువంటి షీటు మీద దుకాణదారు సగానికి సగం తగ్గించినా అతడికి లాభమే. ఎంత పెద్ద తగ్గింపు అయితే అంత అనుమానించవలసిన ముద్రిత ధర అని ఇక్కడ అనిపించక మానదు. ధరలు సరిచూసుకోవడానికి ధరల సంస్థ ‘ఫార్మా సహీ దామ్’ అన్న మొబైల్ యాప్‌ను 2016లో తెచ్చింది. దానికీ ముందు మందు పేరు ఇంగ్లీషులో తెలియాలి.

8. నలభై కిలోమీటర్లు

ఆన్‌లైన్ తగ్గింపు ఎల్లారెడ్డికి పిన్‌కోడ్ రూపంలో చేరుతుంది. మహానగరంలో గంటల్లో అందేది ఇక్కడికి రోజులు పట్టవచ్చు. నెల నెలా వాడే షుగరు గోలీలకు అది అడ్డంకి కాదు. జ్వరానికి, దెబ్బకు, రాత్రి వచ్చిన ఆయాసానికి పనికిరాదు. అందువల్ల ఊరి దుకాణం మూతపడితే నష్టపోయేది ఆ రాత్రి వచ్చిన రోగి. దీర్ఘవ్యాధుల మందుల అమ్మకం ఆన్‌లైన్‌కు తరలిపోతే అత్యవసర మందుల అమ్మకంతోనే దుకాణం నిలవగలదా అన్న వ్యాపారుల ఆందోళనలో స్వార్థం ఉన్నా, సత్యం కూడా ఉంది. ఆర్డరు పెట్టే చేయి కూడా చాలాసార్లు రోగిది కాదు. హైదరాబాదులోనో దుబాయిలోనో ఉన్న కొడుకు ఫోన్లో చీటీ ఫోటో పంపించమని, అక్కడి నుంచి డబ్బు కట్టి, ఇక్కడ తలుపు దగ్గరికి మందు చేర్చే వీలు కలిగింది. గల్ఫ్ నుంచి మనియార్డరు వచ్చే కాలంలో లేని సౌకర్యం ఇది. కొడుకు లేని ఇంటికి ఆ సౌకర్యమూ లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, 33 ప్రాణరక్షక మందులకు పూర్తిగా పోయింది. దీనికి కూపన్ అక్కరలేదు, పిన్‌కోడ్ అక్కరలేదు.

మందు చౌకగా దొరికే చోటికి చేరే ఖర్చు విషయంలో మాత్రం ఈ ప్రాంతానికి అనుకోని మార్పు ఒకటి వచ్చింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితం. ఆరోగ్య శాఖ పద్దులలో ఈ ఖర్చు కనబడదు. అయినా ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చి, రెండు మూడు దుకాణాలలో అడిగి, జన ఔషధిలో సమానమైన మందు వెదకి తెచ్చుకునే బీడీ కార్మికురాలికి రానుపోను ఛార్జీ మిగిలింది. ఆమె భర్త మందుకు కూడా ఆమే వస్తుంది. అతడు వస్తే టికెట్టు కొనాలి.